ఫొటో ముందు కొవ్వొత్తి

2023 వానాకాలం. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర్లోని ఒక ఆఫీసులో లాగర్‌గా నాకు తొమ్మిదో ఏడు. లాగింగ్ అంటే పాత టీవీ టేపులు చూసి, ఏ సీన్లో ఎవరున్నారో, ఏం జరిగిందో రాసిపెట్టడం. మా చేతిలో ఉన్నది ఒక బ్రిటిష్ సీరియల్. మా అమ్మ పుట్టకముందు మొదలై ఇంకా నడుస్తోంది. మన సీరియళ్లు సాగదీస్తారని తిట్టుకునేవాళ్లు దీన్ని చూడలేదు. అంత కథ ఎవరికి గుర్తుంటుంది? అందుకే కొత్త ఎపిసోడ్ రాసేవాళ్లు, ఎవరున్నారో ఎవరు పోయారో మా లాగ్‌లో సరిచూసుకుంటారు. తొలి రోజుల్లో టేపు ఖరీదని పాత ఎపిసోడ్ల మీదే కొత్తవి రికార్డు చేసేశారు. మిగిలిన కొన్నింటిలో బొమ్మ వస్తుంది, మాట రాదు.

ఒక మధ్యాహ్నం అక్కడి స్క్రిప్ట్ ఎడిటర్ ఫోన్ చేసింది. కథలో యాభై ఏళ్ల కిందట ఓడ పనికి వెళ్లిన ఒక భర్త, సీరియల్ వార్షికోత్సవ ఎపిసోడ్‌లో భార్య దగ్గరికి తిరిగొస్తాడు. ఆ నటుడికిప్పుడు ఎనభై నాలుగు.

"మీ లాగ్‌లో ఆ భర్త చనిపోయాడని ఉంది. ఆ పాత్ర వేసినాయనేమో కథలో నన్ను చంపలేదంటున్నారు. మేకప్ వేసుకుని కూర్చున్నారు. గంటలో తేల్చండి, లేదంటే సీన్ తీసేస్తాం" అంది.

లాగ్ తెరిచాను. కింద నా పేరే ఉంది.

ఆ పాత సీన్ టేపు పెట్టాను. మాట లేదు. నల్ల గౌను వేసుకున్న భార్య, భర్త ఫొటో ముందు కొవ్వొత్తి వెలిగించి ఏడుస్తోంది. మా విజయనగరం ఇంట్లో తాతయ్య ఫొటో ముందు దీపం చూస్తూ పెరిగినదాన్ని. పోయాడనే రాశాను. ఇప్పుడు చూసినా అలాగే ఉంది.

పక్క సీటు షాహీన్‌ని పిలిచాను. మారేడ్‌పల్లి పిల్ల, చేరి ఏడాది కాలేదు.

"పోయిండని ఎట్ల చెప్తున్నవ్ అక్కా?" అంది.

"ఫొటో, దీపం కనిపించట్లేదేటి?"

"మా ఇంట్ల ఫొటోల ముందట దీపం పెట్టరు కద. నాకైతే కరెంట్ పోయినట్టే ఉంది. కిటికీ చూడు జెర."

కిటికీ అవతల వీధి దీపం ఆరిపోయి ఉంది. ఎదురింట్లోనూ కొవ్వొత్తే. టేపు ముందుకు నడిపాను. ఆవిడ కళ్లు తుడుచుకుని ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. కాగితం మీద మొదటి మాట భర్త పేరు. అక్కడిదాకా నేను అప్పట్లో చూడనేలేదు. పోయాడని తేల్చుకుని తర్వాతి సీన్‌కి వెళ్లిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

"మన తప్పని రాస్తే కాంట్రాక్ట్ పోతదేమో అక్కా. స్పష్టంగా లేదని పెడదమా?" అంది షాహీన్.

మాట రాని టేపు, ఎవరైనా నమ్ముతారు. నాకూ ఆశ పుట్టింది. కానీ అలా రాస్తే అక్కడ ఆ పెద్దాయన మేకప్ తుడుచుకుని ఇంటికి పోవాలి. టైప్ చేశాను: "భర్త బతికే ఉన్నాడు. తప్పు నాది."

రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది. కాంట్రాక్టు పోలేదు గానీ, మాట లేని టేపులన్నీ మళ్లీ చూడమన్నారు. నేను చంపేసినవాళ్లలో ఇంకో ఇద్దరు లేచి కూర్చున్నారు. తెర మీద కనిపించేది కొంతేనని, మిగతాది మన ఇంటి నుంచి తెచ్చి కలుపుకుంటామని నాకప్పుడు తెలిసింది.

ఆ కొత్త ఎపిసోడ్ కూడా లాగింగ్‌కి నా దగ్గరికే వచ్చింది. ముసలాయన తలుపు తట్టాడు. ఆవిడ తీసింది. "భర్త ఇంటికి వచ్చాడు" అని రాశాను. రాశాక కూడా, సీన్ చివరిదాకా చూశాను.