ఆకు రాలని చెట్లు

కంఠేశ్వర్‌ల మా గల్లీల ఏ చెట్లు పెట్టాల్నో ఎంచింది కాలనీ ప్రెసిడెంటు. పొద్దున్నే తన కారు మీద పడ్డ మా ఇంటి వేపాకును చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతోని ఎత్తి, మా గేటు ముందర పడేసేటోడు.

"నీడకు కానుగ పెట్టిద్దాం సార్," అన్నడు మా బాపు.

"కానుగ పువ్వు రాలితే ఎవరు ఊడుస్తరన్నా?" అని, ఆకు రాలదని ఏడాకుల పాల చెట్లు పెట్టించిండు.

అవి పూసుడు మొదలైనంక చలికాలమంతా గల్లీల కడుపుల తిప్పే వాసన. బాపుకు ఆయాసం ఎక్కువైంది. కొట్టేద్దామంటే ప్రెసిడెంటు ఒప్పుకోలే. "నాకేం వాసన వస్తలేదే," అనుకుంట తన కిటికీలన్నీ మూసుకున్నడు.

పోయినేడు ఇల్లమ్ముకొని బోధన్ పోయిండు. పోయేటప్పుడు బాపు చెయ్యి పట్టుకొని, "మంచి చెట్లు పెట్టించిన అన్నా, నన్ను యాదుంచుకోండ్రి," అన్నడు.

బాపు దగ్గుకుంట లోపలికొచ్చి, ఆ చెయ్యి సబ్బుతోని కడుక్కున్నడు.