రెండుతో హెచ్చవేసిన ఊపిరి

నా ఉద్యోగం గురించి చెబితే మా చుట్టాలు నవ్వుతారు. పసిపిల్లల పొట్ట మీది బట్ట తొలగించి, అది ఎన్నిసార్లు లేచి పడుతుందో ఒక నిమిషం పాటు లెక్కపెట్టడం నా పని. "గిదేం నౌకరి? మా మేకలు గూడ ఊపిరి తీస్తయి, వచ్చి లెక్కవెట్టు" అని మా మేనమామ ఒక పెళ్లిలో పదిమంది ముందు అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. అప్పటికే ఆ పనిని నేను నవ్వులాటగానే చేస్తున్నానని ఆయనకు తెలియదు.

మా ఆఫీసు జనగామలో. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు పుట్టాక ఎలా పెరుగుతాయి, వాళ్లలో ఎవరికి ఆయాసం మిగులుతుంది, ఎవరికి తగ్గిపోతుంది అని తెలుసుకునే పరిశోధన అది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఒప్పుకున్న తల్లుల ఇళ్లకు నెలకోసారి వెళ్తాను. బిడ్డ బరువు తూస్తాను, పాదానికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తాను, ఊపిరి లెక్కపెడతాను. తర్వాత పొయ్యి ఏది, ఇంట్లో పొగ ఎంత అని అడిగి ట్యాబ్‌లో నింపుతాను.

చేరిన కొత్తలో మా డాక్టరమ్మ మాకు రెండు రోజులు పాఠం చెప్పింది. బిడ్డ కడుపులో ఉండగా చివరి వారాల్లోనే ఊపిరితిత్తుల్లోని గాలి బుడగలకు లోపల ఒక పల్చటి పూత పడుతుందట. ఆ పూత పడకముందే పుట్టిన బిడ్డకు ఆ బుడగలు తడిసిన పాలిథిన్ సంచి పొరల్లా అతుక్కుపోతాయి. ప్రతి ఊపిరికీ వాటిని మళ్లీ విడదీసుకోవాలి. మనం తెలియకుండా చేసే పనికి ఆ పిసరంత ప్రాణి చెమటోడ్చాలన్నమాట. ఆ మాట విని నిజంగానే కళ్లు తుడుచుకున్నాను. నా కన్నీళ్లకు నిలకడ లేదని తర్వాత తేలింది, అది వేరే సంగతి.

"చిన్నపిల్లల ఊపిరి షేర్ ఆటో లాంటిది" అని కూడా చెప్పిందామె. "కాసేపు ఉరుకుతుంది, ఆగుతుంది, మళ్లీ ఉరుకుతుంది. ఆగినప్పుడు చూసి, ఇది నెమ్మదిగా పోయే బండి అని రాస్తే ఎట్లా? అందుకే నిండు నిమిషం చూడాలి. బిడ్డ కదిలితే మొదటికి రావాలి."

నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను.

ఆ గీత దాటింది చిల్పూర్‌లో. బిడ్డ నిద్రపోతోంది, నేను గడియారం పెట్టుకుని లెక్కిస్తున్నాను. సగంలో ఆ ఇంటి పెద్దావిడ బట్ట కప్పేసింది. "ఇగ చాలు సారూ. గట్ల కన్నార్పకుంట చూస్తె దిష్టి తగులుతది" అంది. పరాయి మగవాడు పసిబిడ్డ ఒంటి వైపు నిమిషం సేపు గుడ్లప్పగించి చూస్తుంటే ఏ ముసలమ్మకైనా అలాగే ఉంటుంది. సరేనని అర నిమిషం అంకెను రెండుతో హెచ్చవేసి ట్యాబ్‌లో కొట్టాను. ట్యాబ్ ఏమీ అనలేదు. తర్వాతి ఇంట్లో ఎవరూ వద్దనకపోయినా అర నిమిషమే చూశాను. ఆ తర్వాత మూడు నెలలు ప్రతి ఇంట్లోనూ అంతే. ఆచారాన్ని గౌరవిస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. భూపాలపల్లి వైపు చిట్యాల నుంచి ఇంటికి పొద్దు గూకకముందే చేరాలనే తొందర కూడా నాకు ఆచారంలాగే కనిపించింది.

నెల్లికుదురు దగ్గరి ఒక తండాకు వెళ్లింది ఆ రోజుల్లోనే. అక్కడ ఐదు వారాల ఆడపిల్ల ఉంది, నెలలు నిండడానికి నెలన్నర ముందే పుట్టింది. తండ్రి పనికోసం పట్నం పోయాడు. ఇంట్లో తల్లి, నానమ్మ. నేను నానమ్మను అవ్వా అంటాను. ఆమె నన్ను సారూ అంటుంది గానీ, ఆ సారూలో మర్యాద ఎంతుందో చెప్పడం కష్టం.

ట్యాబ్ చూస్తూ అడిగాను. "ఇంట్ల పొగ తాగేటోళ్లు ఎవరన్న ఉన్నరా అవ్వా?"

"ఇంతకుముందు లేరు. ఇప్పుడే ఒకడు వచ్చి మంచం మీద కూసున్నడు" అంది. నా చొక్కా నిండా తండా మలుపులో కాల్చిన సిగరెట్ వాసన.

కోడలు వాళ్ల భాషలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు.

"ఏమన్నది అవ్వా?"

"నీ గడియారం మంచిగున్నదంటున్నది."

నేను సంతోషించి గడియారం చూసుకుంటూ లెక్క మొదలుపెట్టాను. అర నిమిషానికి ఇరవై ఎనిమిది. రెండుతో హెచ్చవేస్తే యాభై ఆరు. మా లెక్కలో ఆ వయసు బిడ్డకు అరవై గీత. అరవై తగిలితే ఇంకోసారి చూడాలి, అదే వస్తే ఆ రోజే దవాఖానకు పంపాలి. యాభై ఆరు అంటే బాగున్నట్టే. పాదం క్లిప్పులో అంకె కూడా గీతకు కొంచెం పైనే ఉంది. సంచి సర్దుకున్నాను.

అవ్వ లేవలేదు. "మల్లొకసారి చూడు సారూ. పాలు తాగుతుంటె నడిమిట్ల విడిచిపెడుతున్నది. ఏదో బరువు మోసినట్టు అలుపు పడుతున్నది."

"ఎక్కువసేపు చూస్తె దిష్టి తగులుతది అవ్వా" అన్నాను.

ఆ మాట నా నోటివెంట వచ్చింది. మూడు నెలలుగా దాచుకున్న సాకు అడగకుండానే బయటికొచ్చింది.

"దిష్టి ముచ్చట నీకెందుకు? నేనే చూడమంటున్న గద" అంది అవ్వ. నేను వచ్చే నెల చూస్తానని చెప్పి బండి ఎక్కాను.

మరునాడు పొద్దున ఆఫీసులో చాయ్ తాగుతున్నాను. అంకెలన్నీ సరిచూసే చెల్లె తన కంప్యూటర్ ముందు నుంచి పిలిచింది. వయసులో చాలా చిన్నది, అన్నా అన్నా అంటూనే చెవి మెలేయగలదు.

"అన్నా, ఒక డౌటు. నువ్వు పోయే ఊర్లల్ల పిల్లలందరు సరిసంఖ్యలల్లనే ఊపిరి తీస్తరా?"

"ఏంది?"

"నలభై రెండు, నలభై ఎనిమిది, యాభై ఆరు. మూడు నెలలు చూసిన. ఒక్క పోరడు నలభై ఏడు అనలే, ఒక్క పోరి యాభై మూడు అనలే. వేరేటోళ్ల పిల్లలు మంచిగ అన్ని తీర్ల తీస్తున్నరు. నీ పిల్లలే మస్తు క్రమశిక్షణ."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "సగం చూసి డబుల్ చేస్తున్నవా అన్నా?" అని మెల్లగా అడిగింది.

అవునన్నాను. అబద్ధం ఆడి ఉంటే పట్టుకునేది, కాబట్టి దాన్ని నిజాయితీ అనలేను. ఆమె తెర మీద కిందికి జరుపుతుంటే నిన్నటి యాభై ఆరు కనిపించింది. అవ్వ మాట గుర్తొచ్చింది. నేను చూసిన అర నిమిషం ఆటో ఆగిన అర నిమిషమైతే?

"డాక్టరమ్మకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అంది చెల్లె.

"నేనే చెప్త. ముందుగాల తండాకు పోవాలె" అన్నాను. దారిలో బండి ఆపి ఫోన్‌లో డాక్టరమ్మకు చెప్పాను. "ముందు ఆ బిడ్డను చూడు. మిగతాది తర్వాత" అని ఆమె పెట్టేసింది.

రెండు గంటల దారి. సరిగ్గా నేను చేరేసరికి పాప మేలుకుని ఏడుస్తోంది. ఏడ్చే బిడ్డ ఊపిరి లెక్కకు రాదు, సద్దుమణిగేదాకా ఆగాలి. నన్ను చూసి అవ్వ, "వచ్చే నెల ఇంత తొందరగ వచ్చిందా సారూ?" అంది. నేల మీద కూర్చున్నాను. తల్లి రొమ్ము ఇచ్చింది. పాప నాలుగు గుక్కలు తాగి వదిలేసింది, మళ్లీ పట్టుకుని మళ్లీ వదిలేసింది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. అది నిన్న కూడా జరిగే ఉంటుంది. నిన్న నేను చూసింది గడియారాన్ని.

అరగంటకు పాప కళ్లు మూసింది. నిమిషం నిండా లెక్కపెట్టాను. మొదట చకచకా, తర్వాత కాసేపు నెమ్మది, మళ్లీ చకచకా. అరవై ఏడు. ఇంకోసారి లెక్కపెట్టాను. డెబ్బై ఒకటి. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది. క్లిప్పులో అంకె గీత కిందికి దిగింది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాను.

మహబూబాబాద్ దవాఖానలో పాపను పసిపిల్లల వార్డులోకి తీసుకుని ముక్కుకు సన్నటి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. తల్లి లోపల ఉంది. బయట బెంచీ మీద నేనూ అవ్వా. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అని చెప్పాను. నిన్న సగమే చూశానని, మిగతా సగం ఊహించి రాశానని, ఇన్నాళ్లుగా అదే చేస్తున్నానని.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు నిన్ననే ఎరుక" అంది.

"మరి అప్పుడే తిట్టకపోయినవ్ అవ్వా."

"తిడితె వచ్చే నెల గూడ రాకపోదువు. మా తండాకు వచ్చేటోడే ఒక్కడు." బెంచీ మీద నా వైపు తిరిగింది. "నిన్న నా కోడలు గడియారం గురించి అనలె సారూ. బస్సు ఎక్కాల్సినోని లాగ చూస్తుండు, వీనికి బిడ్డ కనవడుతలేదు అన్నది."

నేను తల వంచుకున్నాను.

"తల వంచుకుంటె ఏమొస్తది? పోయి నా కోడలికి చాయ్ తే. పొద్దటి సంది ఏం తినలె" అంది. రెండు బన్నులు కూడా తెమ్మంది, ఒకటి తనకు.

పాప పన్నెండు రోజులు దవాఖానలో ఉంది. ఆ పన్నెండు రోజుల్లో నా మీద తీర్పు కూడా వచ్చింది. డాక్టరమ్మ నన్ను తీసెయ్యలేదు. నా మూడు నెలల ఊపిరి అంకెలన్నీ పరిశోధనలోంచి తీసేసింది. "తీసేసినట్టు ఆ తల్లులకు నువ్వే పోయి చెప్పు. బిడ్డలను ఇచ్చింది వాళ్లు" అంది. ముందుగా ప్రతి బిడ్డనూ నిండు నిమిషం చూసి రమ్మంది. తిరిగాను. ఇంకే బిడ్డకూ గీత దాటలేదు. అది నా అదృష్టం, నా గొప్ప కాదు.

చిట్యాలలో ఒక తల్లి అంతా విని, "అంటె మా పిలగాడు ఇన్ని దినాలు ఊపిరి తీయనట్టే రాసుకుంటరా?" అని గాబరా పడింది. కాదమ్మా, నేనే సరిగ్గా చూడనట్టు రాసుకుంటాం అన్నాను. "గట్లయితె మంచిదే" అని కుర్చీ వేసింది.

చిల్పూర్ పెద్దావిడకు మాత్రం కోపం వచ్చింది. "నేను చాలు అంటె ఊకుంటివా? గిది బిడ్డ పానం ముచ్చట అని ఒక్క మాట చెప్పకపోతివి. గింత కాటుక చుక్క పెట్టి, చూసుకో అందును గద!" అని అప్పటికప్పుడు కాటుక డబ్బా తెచ్చి మనవరాలి అరికాలికి చుక్క పెట్టింది. ఇప్పుడు ఎంతసేపైనా చూసుకొమ్మంది. ఒక్క మాట అడిగితే అయిపోయే పని. ఆ ఒక్క మాట అడగలేక మూడు నెలలు ఆచారం వెనక నక్కాను.

పాప ఇంటికి వచ్చిన మూడో రోజు తండాకు వెళ్లాను. అవ్వ చాప వేసి, పాపను నా ముందు పడుకోబెట్టి, బట్ట తనే తీసింది. "మనసుల కాదు, పైకి లెక్కవెట్టు. నేను ఇంటా" అంది. నలభై ఏళ్లు దాటిన మనిషిని, బడి పిల్లాడిలా ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టాను. ముప్పై దాటాక పాప తుమ్మింది, కాలు ఝాడించింది.

"మొదటికి రా" అంది అవ్వ.

మొదటికి వచ్చాను. ఈసారి నిమిషం నిండింది. నలభై తొమ్మిది. పక్కటెముకల కింద గుంట పడటం లేదు. క్లిప్పులో అంకె బాగుంది. "పాప బాగున్నది అవ్వా" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

"ఆ సంగతి నీ కన్న ముందే ఎరుక" అంది అవ్వ, మనవరాలిని ఎత్తి కోడలికి ఇస్తూ. "రాత్రి విడవకుంట తాగింది. నీ అంకె చూసి నమ్ముతలేను."

పాప తల్లి రొమ్ము పట్టుకుంది. నేను ట్యాబ్‌లో అంకె కొట్టి, వాళ్ల వైపు వీపు పెట్టి, పొయ్యి గురించి, పొగ గురించి అడగడం మొదలుపెట్టాను. అవ్వ ఒక్కో ప్రశ్నకూ తీరిగ్గా జవాబు చెప్పింది.