ఒంటిచేత్తో ఎత్తిన పెట్టె

1983లో అమలాపురం గడియారస్తంభం దగ్గర నాకు రేడియో రిపేరు కొట్టు ఉండేది. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచెయ్యడం పొట్టకూటి పని. ఆర్కెస్ట్రాల వాళ్ళకి ఆంప్లిఫయర్లు కట్టివ్వడం ఇష్టమైన పని. ఒకచోట కుదురుగా కూర్చోవడం నా ఒంట్లో లేదు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేలోగా రెండుసార్లు వీధిలోకి వెళ్ళొచ్చేవాణ్ణి. మా ఆవిడ నన్ను కాలుకాలిన పిల్లి అనేది.

ఆ ఏడు ఊళ్ళల్లో తీర్థాలు, జాతరలు జరిగే రోజుల్లో సత్యానందం వచ్చాడు. రాజోలు వైపు కుర్రాడు. ఒక ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు వాయించేవాడు. బాస్ గిటారంటే నాలుగు లావుపాటి తీగలుండే గిటారు. పాట అడుగున గుమ్ముగుమ్ముమంటూ నడుస్తుంది. ఉన్నప్పుడు దాన్నెవరూ పట్టించుకోరు, తీసేస్తే మాత్రం పాట ఉప్పులేని పప్పయిపోతుంది.

"తేలికైన ఆంప్లిఫయర్ కావాలండి," అన్నాడు.

"ఎంత తేలిక?"

"ఒంటిచేత్తో ఎత్తేలా అండి."

నాకు నవ్వొచ్చింది. సన్నటి శబ్దానికి చిన్న స్పీకరు చాలు. బాస్ లాంటి బరువు శబ్దానికి గాలిని గట్టిగా తొయ్యాలి. దానికి వెడల్పాటి స్పీకరు, దాని వెనక పెద్ద పెట్టె కావాలి. అతని దగ్గరున్నది పాత వాల్వు సెట్టు, బియ్యం బస్తాకి ఏమీ తీసిపోదు. పక్కింటాయన మస్కట్ నుంచి తెచ్చుకున్న చిన్న ఆంప్లిఫయర్ ఉంటే అడిగి తెచ్చి, గిటారు తగిలించి చూపించాను. కొట్లో బ్రహ్మాండంగా మోగింది. నేను రోడ్డు దాటి అవతల నిలబడి వింటే తలుపు మీద గోరుతో కొట్టినట్టుంది.

"నాలుగు గోడల మధ్య పనికొస్తుంది. గోదావరి లంకలో ఆరుబయట ఇసకలో వాయిస్తే నీకు కూడా వినపడదు. పాత సెట్టే మొయ్యి. ఈ వయసులో ఆమాత్రం మొయ్యలేవా?" అని కసిరాను.

అతను వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"కొబ్బరికాయల దింపులో చెట్టు మీంచి పడ్డానండి. నడుం పోయింది. మళ్ళీ కొబ్బరిచెట్టెక్కలేను. చర్చిలో నేర్చుకున్న ఈ గిటారే ఇప్పుడు మా ఇంటిల్లిపాదికీ కూడండి."

"మీ వాళ్ళతో చెబితే ఎవరో ఒకరు మోస్తారు కదయ్యా."

"మా ట్రూపులో ఎవరి వాయిద్యం వాళ్ళే మొయ్యాలండి. అసలే ఆర్గాన్ అబ్బాయి ఎడంచేత్తో బాస్ కూడా లాగించేస్తానంటున్నాడు. సంగతి తెలిస్తే నన్ను తీసేస్తారు. మీరెవరితోనూ అనకండేం."

అనను అన్నాను. చాడీలు చెప్పే అలవాటు నాకు లేదు కానీ, కడుపులో మాట దాచుకోవాలంటే తిండి సయించదు. ఆ రోజు నుంచి ఆ పెట్టె నా మెదడుని తొలిచేసింది.

ఆంప్లిఫయర్ బరువంతా దాని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటుంది. ఇంటి కరెంటుని సెట్టుకి తగినట్టు మార్చే ఇనప ముద్ద అది. లంకల్లో కరెంటు దైవాధీనం కాబట్టి మైకుసెట్టు వాళ్ళు ఎలాగూ కారు బ్యాటరీలు తెస్తారు. వాటి మీదే నడిచేలా ట్రాన్సిస్టర్లతో కడితే ఆ ముద్దే అక్కర్లేదు. స్పీకరు తగ్గించడానికి వీల్లేదు. ఇక పెట్టె. చెక్కతో చేస్తే మళ్ళీ బరువు, పల్చటి ప్లైవుడ్ అయితే గలగల్లాడుతుంది. రెండు పెట్టెలు చేసి రెండూ పగలగొట్టాను. చివరికి కిరాణా కొట్లోంచి టీపొడి పెట్టెలు తెచ్చి, ఆ ప్లైవుడ్ కోసి, లోపల అడ్డంగా నిలువుగా సన్నటి బద్దలు అంటించాక అదురు ఆగింది. సెట్టుని వెనక పలకకి బిగించేశాను. చూడ్డానికి బోసిగా ఉందని నల్ల రెక్సిన్ తొడిగి, మూలలకి ఇత్తడి రేకులు కొట్టాను. చూస్తే ఇనప్పెట్టె, ఎత్తితే దూది బస్తా! సత్యానందం ఒక్క చేత్తో ఎత్తి, గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి?

కొద్దిరోజులకే మళ్ళీ వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"దీన్ని కొంచెం బరువు చెయ్యండి."

"మతిపోయిందా నీకు?"

"ఇంత పెట్టెని ఒంటిచేత్తో ఎత్తుతుంటే అందరూ నన్ను పహిల్వాన్ అనుకుంటున్నారండి. 'రెండో చెయ్యి ఖాళీయే గదా' అని మా లీడరుగారు కాంగో డ్రమ్ములు కూడా నాకే తగిలించేరు. రేపో మాపో డోలక్ కూడా ఇచ్చేలా ఉన్నారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నిజం చెప్పెయ్యవయ్యా!" అని అరిచాను. తల అడ్డంగా ఊపాడు. వచ్చే తీర్థానికి బ్యాటరీ కనెక్షన్ చూసే వంకతో నేనూ వస్తానన్నాను. వెళ్ళి ఏం చేస్తానో నాకే తెలియదు. కొట్లో మాత్రం కూర్చోలేను.

ఆ తీర్థం గోదావరి మధ్య లంకలో. మధ్యాహ్నం పడవెక్కాం. లీడరు భాస్కర్రావుగారు గొడుగు తప్ప ఏమీ మొయ్యరు, పాడేది ఆయన కాబట్టి ఆయన వాయిద్యం గొంతులోనే ఉంటుంది! ఆయన్ని చూస్తున్నకొద్దీ నా నాలుక దురద పెట్టింది. రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ సత్యానందం నా వైపు చూశాడు. మూసుకున్నాను.

అవతలి రేవులో పడవ నుంచి ఒడ్డుకి పలక వేశారు. సత్యానందం కాంగోలు భుజాన, పెట్టె కుడిచేత పట్టుకుని పలకెక్కాడు. సగం దూరం వెళ్ళి ఆగిపోయాడు. నడుం పట్టేసిందని వెనక ఉన్న నాకు తెలుస్తూనే ఉంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. రెండిట్లో ఒకటి వదలాలి. పెట్టె వదిలేసి, కాంగోల్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

పెట్టె వెల్లకిలా గోదాట్లో పడింది. అందరూ హాహాకారాలు చేశారు. అది మునగలేదు. అట్టపెట్టెలా తేలుతూ, నిదానంగా ప్రవాహం వెంట దిగువకి బయల్దేరింది. పడవవాడు గెడతో దగ్గరికి లాగి, ఒక్క చేత్తో పైకి తీసి, "ఇందులో ఏవీ లేదేంటండి!" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు.

భాస్కర్రావుగారు మాత్రం నవ్వలేదు. వంగినవాడు వంగినట్టే పలక మీద ఉండిపోయిన సత్యానందాన్ని చూస్తున్నారు.

"ఏవైందయ్యా?"

"నడుం లేదండి నాకు. చెట్టు మీంచి పడ్డానండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"చెప్తే ఉంచుతారా అండి?"

భాస్కర్రావుగారు గొడుగు నా చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి, పలక మీదికి నడిచి, కాంగోల్ని తన భుజానికి ఎత్తుకున్నారు.

"ఆ పెట్టె ఎందుకు వదిలేవు? నీది గదా," అన్నారు ఒడ్డెక్కాక.

"కాంగోలు వేరేవాళ్ళవి గదండి," అన్నాడు సత్యానందం.

స్పీకరు అంచు కాస్త తడిసింది, లోపలికి నీళ్ళు పోలేదు. ఎండలో పెట్టి, అది ఆరేదాకా దాని చుట్టూ నేను తిరిగిన తిరుగుడుకి ఇసకలో దారి పడింది. పొద్దు వాలుతుండగా కచేరీ మొదలైంది. సత్యానందాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి తీగ మీటగానే ఆ గుమ్ము ఇసకలోంచి పాకి, కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వచ్చింది. ముందు వరసలో ఒక ముసలమ్మ ఇసక మీద చెయ్యి ఆనించి చూసుకుంది. ఆర్గాన్ అబ్బాయి అలవాటుగా ఎడంచేత్తో బాస్ అందుకోబోయాడు. భాస్కర్రావుగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకో నాయనా, బాస్‌కి మనిషున్నాడు," అన్నారు.

సత్యానందం తల దించుకుని వాయిస్తూనే ఉన్నాడు.

తర్వాత చాలామందికి ఆంప్లిఫయర్లు కట్టాను. అందరూ ఎన్ని వాట్లని అడిగేవారు. ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పమనేవాణ్ణి. ఎవరు మోస్తారు, ఎక్కడికి మోస్తారు, మోసేటప్పుడు రెండో చేతిలో ఏముంటుంది? రేడియో మెకానిక్‌కి ఇవన్నీ ఎందుకని విసుక్కునేవారు. విసుక్కోనీ. అవి తెలిసేదాకా నేను సోల్డరింగ్ ఐరన్ స్విచ్ వేసేవాణ్ణి కాదు.