మా కొండవాలు మేస్త్రి గారు

మా ఇంటికి నాలుగిళ్ల కింద ఉండే తాపీ మేస్త్రి గారు మొన్న బుధవారం పోయారు. కబురొచ్చేసరికి మగ్గం మీద ఉన్నాను. నేత ఆపేసి లేచాను. ఆయన మాకు చుట్టం కాదు. కానీ ఈ ఇంట్లో నేనింకా కోడలిగా ఉన్నానంటే ఆయన చలవే.

బెజవాడ కొండవాలున ఈ ఇల్లు కట్టింది ఆయనే. నూలు దొరకని యుద్ధపు రోజుల్లో నేను కాపురానికొచ్చాను. తొమ్మిదో రోజు పొద్దున భూమి కంపించింది. గిన్నెలు గలగలమన్నాయి, అంతే. చూద్దుము కదా, మగ్గాల గది ముందు గోడ పక్క గోడల్ని వదిలేసి బయటికి ఒరిగింది! దెబ్బ ఎవరికీ తగల్లేదు, నాకు తప్ప. "కొత్త కోడలు అడుగుపెట్టిన వేళ" అన్నారు ఇరుగుపొరుగు. అత్తగారు నా ట్రంకుపెట్టె వసారాలో పెట్టించి, మా నాన్నకి కబురంపుతానన్నారు.

గోడ చూడ్డానికొచ్చిన మేస్త్రి గారు ఇదంతా విన్నారు. ఏం చెప్పాలన్నా ముందు మడమతో నేల తొక్కి చూడ్డం ఆయన అలవాటు. ఆ రోజూ తొక్కారు.

"తప్పు పిల్ల పాదానిది కాదమ్మా, నా పునాదిది. వెనక గోడ రాతి మీద పొట్టిగా కట్టా. ముందుది పోసిన మట్టి మీద పొడుగ్గా లేపా. నేల కదిలితే రెండూ ఒక్కలా ఊగుతాయా? కలిపి బిగించనన్నా లేదు. తెలీక కాదండీ, తొందరపడ్డా."

అత్తగారు తెల్లబోయారు. "పదిమందిలో ఇలా అంటే నిన్ను పనికెవరు పిలుస్తారయ్యా?"

"పని పోతే పోనివ్వండి. పిల్ల కాపురం పోకూడదు."

అత్తగారు నా పెట్టె మళ్లీ లోపల పెట్టించారు. ఆవిడ అన్నట్టే ఆ ఏడాది కొండ మీద ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. ఆయన మాత్రం మా ఇంటికొచ్చి, వాలును మెట్టుగా కోసి, రాయి తగిలేదాకా తవ్వి గోడ మళ్లీ లేపారు. నాలుగు గోడల్నీ చుట్టి టేకు దూలాలు బిగించారు. "కొండ మీద ఇల్లు వేలాడకూడదమ్మాయ్, చతికిలబడి కూర్చోవాలి" అనేవారు, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ. ఆ గదిలోనే నా ఇద్దరు పిల్లలూ పుట్టారు. పోనుపోను జనానికీ బుద్ధొచ్చింది. తన తప్పు తానే చెప్పేవాడికన్నా నమ్మకస్తుడెవడు? ఇప్పుడు మా వాలున ఎవరు ఇల్లు మొదలెట్టినా ముందు మెట్టు కోసుకుంటున్నారు.

మొన్న ఆయన మీద కప్పడానికి మా మగ్గం మీది పంచె తీసుకెళ్లాం. అత్తగారు నా భుజం పట్టుకుని మెట్లు దిగారు. పెద్దావిడ కదా అని పంచె ఆవిడ చేతికిచ్చాను. మళ్లీ నా చేతిలోనే పెట్టేశారు.

"నువ్వు కప్పవే. కూతురివి."

నేను వంగి అంచులు సర్దుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి నా వీపు మీదే ఉంది.