సీల్ కొడితే ఖతం

ఆయన బొటనవేలు యాదికొస్తే ఇప్పటికీ నా కడుపు మండుతది.

పాశమైలారం కెమికల్ కంపెనీల మా సూపర్‌వైజర్ ఆయన. అంగి జేబుల ఎప్పుడూ సిలికాన్ ట్యూబు ఉండేది. ఎక్కడ బొక్క కనపడ్డా నింపి, బొటనవేలుతోని నున్నగ రుద్ది, "సీల్ కొడితే ఖతం" అనేటోడు. ఆఫీసు సార్లకు వాసనొస్తదని మా ప్యాకింగ్ రూం కిటికీ గూడ గట్లనే మూసిండు. లోపల మేం దగ్గుకుంట పనిచేసినం.

వానకాలం నా పాత కారు హెడ్‌లైట్ల ఆవిరి పట్టింది. నేను అడగకముందే ఆయనొచ్చి లైటు వెనక చిన్న బొక్కకు సీల్ కొట్టిండు. వారం తిరిగేసరికి లోపల నీళ్లు బొట్లుబొట్లుగ కారుతున్నయి. మెకానిక్ నన్నే తిట్టిండు: "గది ఆవిరి బయటికి పోయే బొక్క. మూస్తే ఎట్ల ఆరుతది?"

బ్లేడుతోని గీకి తీసేసిన. రెండెండలకు లైటు తేటగైంది.

తెల్లారి అదే బ్లేడుతోని మా రూం కిటికీ సీల్ కోసి తెరిచిన. ఆయన ట్యూబు పట్టుకొని ఉరికొచ్చిండు.

"కొట్టుండ్రి సార్. కొట్టినంక షిఫ్ట్ అయ్యేదాక మాతోని లోపలనే కూసోండ్రి," అన్న.

మూత తియ్యకుండనే ట్యూబు జేబుల పెట్టుకున్నడు.