కత్తెరల రిజిస్టరు

మా కటింగ్ షెడ్డులో అందరూ ఆవిడను వదిన అనే పిలిచేవాళ్ళం. నిజానికి ఆ వరస ఒక్కడిదే, స్టోరు కీపరుది. ఆవిడ భర్తకు తమ్ముడు. తల్లి పోయాక పదేళ్ళ పిల్లవాణ్ణి ఆవిడే పెంచింది. చదువు అబ్బకపోతే మేనేజరు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి స్టోరులో పనిప్పించింది. వాడు పొద్దస్తమానం "వదినా, వదినా" అంటుంటే మా నోటికీ అదే అలవాటైంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నదైనా నాకూ వదినే.

ఆవిడ బల్ల నా బల్లకు ఎదురుగా ఉండేది. పందొమ్మిదేళ్ళు బట్ట కత్తిరించింది. మాటలూ అంతే, అవసరానికి మించి ఒక్క ముక్క మిగలనిచ్చేది కాదు. నా కత్తెర గీత దాటితే సూపర్వైజరుకంటే ముందు ఆవిడే చీవాట్లు పెట్టేది.

కత్తెర ఇంటికి తీసుకెళ్ళే వీల్లేదు. పొద్దున రిజిస్టరులో సంతకం చేసి స్టోరులో తీసుకోవాలి, సాయంత్రం తిరిగిచ్చి మళ్ళీ సంతకం చెయ్యాలి. సాయంత్రం బస్సు తొందర, వెనకాల ముప్పైమంది వరుస. పేజీ పైన ఏం రాసుందో ఏనాడూ చదివిన పాపాన పోలేదు. స్టోరులో ఉన్నది మనవాడే కదా అని ధీమా.

ఒక బుధవారం సాయంత్రం అలాగే సంతకాలు పెట్టాం. గురువారం పొద్దున్నే వచ్చి కత్తెరలు తీసుకుని మిగిలిన ఆర్డరు పూర్తిచేశాం. భోజనానికి బయటికొస్తే గేటుకి కాగితం అంటించి ఉంది. యూనిట్ మూసేశారట.

అందరం కలిసి కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. విచారణ రోజున మేనేజరు వచ్చాడు. వెనకాలే రిజిస్టరు చంకలో పెట్టుకుని వదిన మరిది. మేనేజరు బుధవారం పేజీ తెరిచాడు. పైన చిన్న అక్షరాలతో, "ఈ రోజుతో ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నాము" అని ఉంది. మొదటి సంతకం స్టోరు కీపరుది. దాని కింద మావి.

అధికారిణి మా వైపు తిరిగింది. "వాళ్ళు మిమ్మల్ని తీసేస్తే ముందుగా నోటీసివ్వాలి, చేసిన ఏళ్ళను బట్టి పరిహారమివ్వాలి. మీ అంతట మీరు మానేస్తే అవేవీ రావు. మానేశామని మీరే సంతకం పెట్టారు." తర్వాత స్టోరు కీపరుని అడిగింది. "ఇది వీళ్ళకి చదివి వినిపించారా?"

"వినిపించానండి. అందరూ తెలిసే పెట్టారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది మా బతుకు. వదిన మాత్రం మేనేజరు వంక చూడనే లేదు. మరిదినే చూస్తూ, "నాకూ వినిపించావా?" అంది. వాడు మేనేజరు వెనక్కి జరిగాడు.

అధికారిణి వైపు తిరిగి, "మేడమ్, ఒక్క పేజీ తిప్పండి" అంది వదిన.

అది గురువారం పేజీ. కత్తెరలు తీసుకున్నట్టు మా సంతకాలన్నీ వరసగా ఉన్నాయి. అధికారిణి కళ్ళజోడు సర్దుకుంది.

"బుధవారం మానేసినవాళ్ళకి గురువారం కత్తెరలెందుకిచ్చారు?"

ఆ పూట పని కూడా మా చేత చేయించుకుందామన్న కక్కుర్తి వాళ్ళ కొంప ముంచింది. మమ్మల్ని తీసేసినట్టే లెక్క, పరిహారం ఇవ్వాల్సిందే అని ఆర్డరు వచ్చింది.

తిరుగు బస్సులో వదిన ఏడ్చింది. పందొమ్మిదేళ్ళలో ఆవిడ ఏడవడం చూడటం అదే మొదటిసారి. గెలిచాం కదా అన్నాను.

"ఓనరు మోసం చేస్తే కోపమొచ్చిందంతే. మా మరిదికి జ్వరమొస్తే వాణ్ణి భుజానేసుకుని తిరిగాను. వాడు నా చేతికి పెన్నిచ్చి మరీ సంతకం పెట్టించాడు."

నెల తిరక్కుండానే స్టోరు కీపరు ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను. యాజమాన్యం వేరేచోట తెరిచిన కొత్త షెడ్డులో ఇస్తామన్న ఉద్యోగం వేరేవాళ్ళకిచ్చారట.

"వదినా, అందరికంటే ముందు సంతకం పెడితే పెద్ద ఉద్యోగమిస్తామన్నారు. మీతోపాటు నాకూ పరిహారం రావాలిగా."

"గురువారం పేజీలో నీ సంతకమేది?" అంది వదిన.

కత్తెరలు ఇచ్చేవాడు సంతకం పెట్టడు.

"ఆ రోజు నేను పనిలో ఉన్నానని నువ్వు చెప్తే చాలు, వదినా."

వద్దని చెప్పమని నేను ఆవిడకు సైగ చేశాను. పాముకి పాలు పోసింది చాలదా అనిపించింది నాకు.

"చెప్తాను. ఆ పొద్దున నా చేతికి కత్తెరిచ్చింది నువ్వే. జరిగింది జరగలేదని చెప్పడం నాకు చేతకాదు."

అన్నట్టే మర్నాడు ఆఫీసుకి వచ్చి చెప్పింది. అధికారిణి అంతా రాసుకుని, "ఇతను మీకేమవుతాడు?" అనడిగింది.

"స్టోరు కీపరు" అంది వదిన.