మామ వేసిన గురుగ్రహం

కొత్త కొత్త సరుకులు లారీల్లో వచ్చి దిగుతున్న ఆ రోజుల్లో, మా ఊరు గుడియాత్తంలో ఎవరి చేతికి డబ్బు చేరిందో తెలియాలంటే వాళ్ళ ఇంటి నేల చూస్తే సరిపోయేది. అంతకు ముందు ఎర్రగచ్చు నేలే గొప్ప. సిమెంటులో రంగు పొడి కలిపి, తాపీతో నున్నగా రుద్ది, నీళ్ళు కట్టి ఆరబెట్టిన నేల. మా మేనమామ ఆ పనిలో మేస్త్రీ. ఆయన పేరు వేలూరు దాకా తెలుసు (అని ఆయనే చెప్పేవాడు, వేలూరులో ఉన్నన్నాళ్ళూ నన్ను ఆయన గురించి ఎవరూ అడగలేదు). తర్వాత గ్రానైటు వచ్చింది. పలకలు తెచ్చి, పరిచి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. మామకు పని తగ్గింది. ఆయన అలా అనేవాడు కాదు. "జనానికి రుచి చచ్చిపోయిండాది" అనేవాడు.

నేను అప్పుడు వేలూరులో ఒక కాలేజీలో, భౌతికశాస్త్ర విభాగంలో ప్రాజెక్టు సహాయకుణ్ణి. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన చిత్రాలు టేపుల మీద మాకు పోస్టులో వచ్చేవి. వాటి నిండా తెల్లటి చుక్కలు ఉండేవి. అన్నీ నక్షత్రాలు కావు; కాస్మిక్ కిరణాలు కెమెరాకు తగిలి పడ్డ మరకలు చాలా ఉండేవి. ఏది నక్షత్రమో ఏది మరకో తేల్చి మరకల్ని తీసెయ్యడం నా ఉద్యోగం. దీన్ని ఇంట్లో వివరించబోయి అలసిపోయి, చివరికి మా అమ్మ వీధిలో చెప్పుకున్న మాటకే ఒప్పుకున్నాను: "మావాడు ఆకాశం తుడిచే పనిలో ఉండాడు." విన్నవాళ్ళు పాపం అన్నట్టు చూసేవాళ్ళు.

ఆ ఏడు ఒక తోకచుక్క ముక్కలై, ఆ ముక్కలు వరసగా గురుగ్రహం మీద పడ్డాయి. టెలిస్కోపు తీసిన రంగు బొమ్మ ఒకటి మా ప్రొఫెసరు నాకిచ్చాడు. పసుపు, ఇటుక రంగు పట్టీలు, కింది వైపు నల్లటి మచ్చలు. ఆదివారం దాన్ని చుట్టి, బస్సులో నలగకుండా ఒళ్ళో పెట్టుకుని ఊరికి తీసుకెళ్ళాను, గొప్ప చెప్పుకుందామని. అమ్మ చూసి "బాగుండాది, పక్కన పెట్టు, అన్నం తిను" అంది. నాన్న కళ్ళద్దాలు దొరకలేదన్నాడు. మామ మాత్రం దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టి, చుట్టూ తిరుగుతూ చూశాడు.

"ఈ రంగులు నిజమేనా అల్లుడా?"

"నలుపు తెలుపులోనే తీస్తారు మామా. వేరువేరు రంగుటద్దాలు అడ్డంపెట్టి తీసి, తర్వాత రంగులు కలుపుతారు."

"అట్లయితే మా పనే" అన్నాడు. బొమ్మ తిరిగి ఇవ్వలేదు.

మామకు ఒక పద్ధతి ఉండేది. ఏ కొత్త పని ఒప్పుకున్నా ముందు సొంత ఇంట్లో కొంచెం వేసి చూసుకునేవాడు. అందుకని ఆయన ఇంటి నేల అతుకుల బొంత. అత్త ఆ ఇంట్లో ముగ్గు వెయ్యడం ఎప్పుడో మానేసింది ("యాడ వేసేది, మీ మామ వేసిందే ఆరలేదు"). రెండు వారాల తర్వాత వెళితే, వంటింటి గడప పక్కన పళ్ళెమంత గురుగ్రహం ఉంది. మచ్చలతో సహా.

ఊళ్ళో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ముదలాళి, అంటే యజమాని, మిద్దె కడుతున్నాడు. గేటుకి ఆనించి గ్రానైటు పలక ఒకటి అప్పటికే ఉంది. ఆయన్ని మామ ఇంటికి పిలిచి గడప దగ్గర నిలబెట్టాడు. ముదలాళికి నచ్చింది. హాలు మధ్యలో ఇదే, పెద్దగా వెయ్యమన్నాడు. "హాలు మెప్పిస్తే పైయింటి నేల పనీ నాదే. లేకుంటే తాపీ కడిగి అటకమీద పెట్టేస్తా" అన్నాడు మామ. నవ్వుతూ అనలేదు.

"ఆ నల్లమచ్చలు వదిలెయ్ మామా" అన్నాను. "చూసేవాళ్ళకు నూనె మరకల్లా ఉంటాయి."

"అవి మీ క్యామరా మరకలా?"

"కాదు. ముక్కలు పడ్డ చోట తగిలిన దెబ్బలు."

"ఉండేదాన్ని తీసెయ్యమంటావేంది? నీకు తుడిచి తుడిచి అదే అలవాటైపోయిండాది నాయనా."

గృహప్రవేశం నాడు హాలు చూసి నేనే ఆగిపోయాను. అంత పనితనం ఆయన చేతిలో ఉందని నాకూ తెలియదు. ముందు ఆవును నడిపించారు. తర్వాత ముదలాళి మామకు పళ్ళెంలో కొత్త పంచె పెట్టి, "పైన కూడా నువ్వే మేస్త్రీ" అన్నాడు. అక్కడితో మామ దండం పెట్టి భోజనానికి వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. ముదలాళి తల్లి వంగి చూసి, "ఏం పనప్పా, కాలు పెట్టబుద్ధి కాలేదు. పొద్దుతిరుగుడు పువ్వా ఇది?" అంది మెచ్చుకోలుగా.

మామ ముఖం మారిపోయింది. "పువ్వేందమ్మా! గురుగ్రహం. ఆకాశంలో క్యామరా తీసింది. ఇదో, మా అల్లుడి ఉద్యోగమే అది."

ముసలామె పాదం వెనక్కి తీసుకుంది. "గురువా? మరి ఆ నల్లటివి?"

నేను గబగబా ముందుకు వెళ్ళి, "వట్టి డిజైనే అవ్వా" అన్నాను.

"రేయ్, అబద్ధమెందుకురా!" అన్నాడు మామ, పంచె చంకలో పెట్టుకుని. "దెబ్బలమ్మా అవి. తోకచుక్క తగిలి పడినాయి. ఒకటొకటీ మన భూమంత!"

ముసలామె తన కొడుకు వైపు చూడకుండా మామతోనే అంది: "నా కొడుక్కి గురుదశ మొన్ననే వచ్చినాది. ఆ గురువుకే దెబ్బలు తగిలించి, నట్టింట్లో పడేసి, పైన ఆవును తోలిస్తివి గదప్పా." (ఆవు ఊరికే నడిచి వెళ్ళలేదు. శుభమని అందరూ సంతోషించిన ఆ పేడ సరిగ్గా గ్రహం మీదే పడింది.)

"మేస్త్రీ, అన్నం తినేసి పో" అన్నాడు ముదలాళి, మెల్లగా. తిట్టి ఉంటే మామ తట్టుకునేవాడు.

ముదలాళి ఆ హాలు నేల పగలగొట్టించిన రోజు మామ మిద్దెకు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. సుత్తి దెబ్బలు చాలాసేపు వినిపించాయి. "చూడు, అంత సులభంగా లేస్తాదా" అన్నాడు నాతో. గర్వంగానే అన్నాడు. తాపీ మాత్రం నిజంగానే అటకెక్కింది. తర్వాత ఆయన ఒక లుంగీల గోడౌనుకు కాపలా వెళ్ళాడు. పైకప్పు రేకులది, నేల మట్టిది.

ఆకాశంలో అసలు గురుగ్రహం మీది మచ్చలు ఏడాదిలోగానో కొంచెం అటూ ఇటుగానో చెదిరి మాసిపోయాయి. ఆ విషయం చెబితే మామకు తృప్తిగా ఉంటుందనుకున్నాను.

"అంతలో పోయేటివైతే ముందే చెప్పాల గదరా" అన్నాడు. "ముసలామెను ఆగమనుండేవాణ్ణి."

మామ పోయాక కర్మకు వెళ్ళాను. అత్త ఎప్పుడో పోయింది. కర్మ ముగిసిన మర్నాడే ఆయన కొడుకు ఆ అతుకుల నేల మీద టైల్స్ వేయించడం మొదలుపెట్టాడు. వద్దనడానికి నాకేం హక్కుంది? మా ఇంట్లోనూ టైల్సే. సిమెంటు పట్టడానికి పనివాడు పాత నేలంతా ఉలితో గాట్లు పెట్టుకుంటూ వచ్చి, వంటింటి గడప దగ్గర ఆగాడు.

"ఇదేంది సార్, పువ్వా?"

"గురుగ్రహం" అన్నాను.

"సరి సార్, కొంచెం కాలు తియ్యండి" అని దాని మీద కూడా కొట్టాడు. తోకచుక్కకు పక్షపాతం ఉంది, కింది వైపే కొట్టింది. ఇతను అన్ని వైపులా సమంగా కొట్టాడు. ఈ దెబ్బలు చెదిరిపోవు, టైల్స్ కింద అలాగే ఉంటాయి. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఊరంతటికీ చూపించాలని బొమ్మను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కదలకుండా కూర్చున్న కుర్రాడు గుర్తొచ్చాడు. చూసినవాడు మామ ఒక్కడే అని వాడికి అప్పుడు తెలియదు.